లక్ష క్యూసెక్కుల లెక్క



వానాకాలంలో రేడియో వార్తల్లో ఒక మాట మీరు తరచూ వింటుంటారు. కృష్ణ మీద కట్టిన జూరాల జలాశయానికి ఎగువ నుంచి లక్ష క్యూసెక్కుల వరద వస్తోంది, గేట్లెత్తి నీటిని కిందికి వదులుతున్నారు అని. ఆ వార్త చెవిన పడితే మా నాయన ఒకసారి మొగులు వైపు చూసి, మళ్లీ తన పనిలో పడేవాడు. వరద ఏట్లో ఉంది. మా చెల్కలో పత్తికి వాన లేదు. నది నిండా పారుతుంటే దాని ఒడ్డునున్న ఊరు చినుకు కోసం చూడటం మాకెవరికీ వింతగా తోచలేదు. అది వింతేనని నాకు డిగ్రీలో చేరాక తెలిసింది.

నేను బీఏ చదువుతున్నాను. ఎకనామిక్స్, జాగ్రఫీ నా సబ్జెక్టులు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ జత కోరి తీసుకునేవాళ్లు తక్కువ. బీకాం కంప్యూటర్స్ చేయమంటారు, లేకపోతే బీఎస్సీ చేసి బీఎడ్‌కు పొమ్మంటారు. ఈ రెండు సబ్జెక్టులని చెప్పగానే బంధువులు అడిగే మాట ఒక్కటే, "గ్రూప్స్ రాస్తవా బిడ్డా?" అని. ఆ అడగడంలో తప్పు లేదు. గ్రూప్స్ సిలబస్‌లో తెలంగాణ ఆర్థిక వ్యవస్థ ఉంది, భూగోళం ఉంది. నోటిఫికేషన్ పడితే దరఖాస్తు పెట్టేవాళ్లలో నేనూ ఉంటాను. కాకపోతే పరీక్ష కోసం బట్టీ పట్టినప్పుడు ఈ రెండూ రెండు గైడు పుస్తకాలుగానే ఉంటాయి. టైంటేబుల్‌లో కూడా మధ్యలో గంట కొడతారు, సారు వెళ్లిపోయి మేడం వస్తారు. మా ఊరి నీళ్ల సంగతి తెలుసుకోవాలంటే మాత్రం ఆ గంటను పక్కన పెట్టాలి.

ముందు ఆ లక్ష క్యూసెక్కుల సంగతే చూద్దాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. రోజుకు 86,400 సెకన్లు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 864 కోట్ల ఘనపుటడుగులు. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ కాబట్టి, రోజుకు 8.64 టీఎంసీలు అన్నమాట. జూరాల కట్టినప్పుడు దాని నిల్వ సామర్థ్యం దాదాపు 12 టీఎంసీలు. ఇప్పుడు పది లోపే చెబుతున్నారు. అంటే జలాశయం పూర్తిగా ఎండిపోయి ఉన్నా, ఈ వరదకు ఒక రోజు దాటి నాలుగు గంటలు గడవకముందే నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చినదాంట్లో కాలువల్లోకి మళ్లించింది పోను మిగతాదంతా శ్రీశైలం దారి పట్టాల్సిందే. అక్కడ 215 టీఎంసీల చోటుంది.

మా ఎకనామిక్స్ సార్ మొదటి సెమిస్టర్‌లో నిల్వకూ ప్రవాహానికీ తేడా చెప్పారు. బ్యాంకులో ఉన్న డబ్బు నిల్వ, నెలనెలా వచ్చే జీతం ప్రవాహం అని బోర్డు మీద రాశారు. జీతాలు తక్కువగా కనిపించే మా క్లాసులో ఆ ఉదాహరణ ఎవరికీ పెద్దగా ఎక్కలేదు. జూరాల పేరు చెప్పి ఉంటే వెనక బెంచీ కూడా లేచి కూర్చునేది. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో జూరాలకు కేటాయించిన నీరు 17.84 టీఎంసీలు. దాచుకునే చోటేమో పది లోపు. కాబట్టి పారుతున్నప్పుడే కాలువల్లోకి మళ్లించి వాడుకోవాలి, వరద ఆగితే నిల్వను చూసి ఖర్చు పెట్టాలి. ఏ నెలలో ఏ పంట వేయాలన్నది ఆ లెక్కే తేలుస్తుంది.

ఇక ఈ నీరు ఎక్కడిదన్నది జాగ్రఫీ మేడం వంతు. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరంలో ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. పడమటి కనుమలు దాటిన మేఘం తేలికైపోతుంది. గద్వాల, అలంపూర్ వైపు వచ్చేసరికి ఆరు వందల మిల్లీమీటర్లు అటూ ఇటూ. తెలంగాణలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో మాది ఒకటి. కనుమల్లో కురిసిన వానను నది మోసుకొచ్చి మా ఊళ్ల పక్క నుంచి తీసుకుపోతుంది. దాన్ని ఆపే గోడ కట్టాలంటే డబ్బు కావాలి, అంతకుముందు హక్కు కావాలి. 1956లో హైదరాబాద్ రాష్ట్రం విడిపోకుండా ఉంటే మహబూబ్‌నగర్ జిల్లాకు సాగునీరు అందే అవకాశాలు మెరుగ్గా ఉండేవని ట్రిబ్యునలే గుర్తించింది. కరువు జిల్లా అన్న పేరు వానను బట్టే రాలేదు. సరిహద్దు గీతకూ అందులో వాటా ఉంది.

గీతల్లో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం మరొకటి. కాంటూరు గీత. టోపోషీటు మీద ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ మట్టిరంగులో గీసే సన్నటి వంకర గీత. మొదట్లో వాటిని ట్రేసింగ్ కాగితం మీద దించడమంటే అందరికీ విసుగే. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తు, అదీ అలాంటి గీతే. దానికి లోపలున్న కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లు 1980 దశకం మొదట్లో ఖాళీ అయ్యాయి. గీతకు పైన ఇల్లున్నవాడు ఊళ్లోనే ఉన్నాడు, కింద ఇల్లున్నవాడు ముంపు బాధితుడయ్యాడు. అప్పటి నుంచీ కొల్లాపూర్ వైపు 98 జీవో అన్న మాట తెలియని ఇల్లుండదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో ఇచ్చిన ఉత్తర్వు అది. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ల పిల్లలు ఇప్పుడు నా ఈడువాళ్లకు అమ్మానాన్నలు.

ఆ ముంపులో పోకుండా, కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, అలంపూర్‌కు తెచ్చి మళ్లీ కట్టారు. గొప్ప పని, చూసి తీరాల్సిందే. గుడి రాళ్లకు నంబర్లు వేయొచ్చు. ఊరి సంతకు, పశువులు మేసే బంజరుకు, కౌలు నమ్మకానికి, చేబదులిచ్చే పొరుగింటికి ఏ నంబరు వేస్తారు? నష్టపరిహారం అన్న పాఠంలో భూమి ధర, ఇంటి ధర, చెట్టు ధర ఉంటాయి. కొలవడానికి వీల్లేనివి కాబట్టి ఇవి ఉండవు. నా దృష్టిలో ఆ పాఠానికున్న పెద్ద లోటు ఇదే.

ఇప్పుడు నడిగడ్డకు వద్దాం. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల ఇది. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట ఉంది, ఆర్డీఎస్ అంటాం. ఆనకట్ట కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉంది. కాలువ మొదటి నలభై కిలోమీటర్లకు పైగా అక్కడే నడిచి తర్వాత మన దగ్గరికి వస్తుంది. మన వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు, వాటా 15.9 టీఎంసీలు. కాగితం మీద ఇంతకంటే మంచి కాలువ ఉండదు. నీరు తనంతట తాను పల్లానికి నడిచొస్తుంది, మోటారు లేదు, కరెంటు లేదు. వచ్చిన చిక్కల్లా చివరి తూములకు ఆ నీరు అందకపోవడమే. అలంపూర్ వైపు రైతులు దశాబ్దాలుగా చెప్పుకుంటున్న గోడు ఇది. చివరికి ఆ ఆయకట్టు ఎండిపోకుండా తుంగభద్ర మీదే తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల పథకం కట్టారు. 2018లో మొదటి దశ నడిచింది. నది అదే, పొలాలు అవే. ఊరికే నడిచి రావాల్సిన నీటిని ఇప్పుడు మోటారు పెట్టి ఎత్తుతున్నాం.

ఎత్తడానికి ఎంతవుతుందో క్లాసులో లెక్క వేశాం. ఒక టీఎంసీ నీటి బరువు దాదాపు రెండు కోట్ల ఎనభై మూడు లక్షల టన్నులు. దాన్ని వంద మీటర్లు ఎత్తాలంటే, మోటార్లలో పైసా నష్టం లేదనుకున్నా, 77 లక్షల యూనిట్ల కరెంటు కావాలి. టీఎంసీకి పదివేల ఎకరాలు పారుతాయని మోటు లెక్కగా చెబుతుంటారు. ఆ ప్రకారం ఎకరానికి 770 యూనిట్లు. వరికి బదులు అదే నీటితో పల్లి, జొన్న వేస్తే ఎకరాలు పెరుగుతాయి, ఎకరానికి ఖర్చు తగ్గుతుంది. కల్వకుర్తి ఎత్తిపోతలనే తీసుకోండి. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో మొదలై జొన్నలబొగడ, గుడిపల్లిగట్టు దాకా మూడు మెట్లు. పాలమూరు రంగారెడ్డి పథకంలో ఒక్కో పంపు 145 మెగావాట్లు. ఇవి వద్దని నేననను. మా నేల ఎత్తున ఉంది, నది లోతున ఉంది, వేరే దారి లేదు. అయితే అంత ఖరీదు పెట్టి పైకి తెచ్చిన నీటిని మడి నిండా నిలబెట్టి వరే వేయడం నాకు మింగుడు పడదు. ఈ మాటంటే నాయన ఒప్పుకోడు. "వడ్లయితే సర్కారు కొంటది. పల్లి ఎవరు కొంటరు, ఎంతకు కొంటరు?" అంటాడు. ఆయన మాటలోనూ ఎకనామిక్స్ ఉంది. ధర ఖాయంగా ఉన్న పంట వైపే రైతు మొగ్గుతాడు. నీటి ఖరీదు ఆయన బిల్లులో పడదు, ధర మాత్రం ఆయన సంచిలో పడుతుంది.

కాలువ గురించి చెబుతుంటే ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో గుర్తొస్తాడు. 1817లో ఆయన ఇంగ్లండ్ పొలాలను చూసి భూమి కౌలు సిద్ధాంతం రాశాడు. మంచి నేలకూ నాసి నేలకూ దిగుబడిలో ఉన్న తేడాయే కౌలుగా భూస్వామి చేతికి చేరుతుందని దాని సారం. మేము ఫీల్డు వర్కుకు వెళ్లినప్పుడు కాలువ మొదట్లో ఉన్న ఊళ్లోనూ చివర ఉన్న ఊళ్లోనూ కౌలు ధర అడిగాం. నేల రంగు ఒకటే, వాన ఒకటే, కౌలు మాత్రం ఒకటి కాదు. రికార్డో దేవుడిచ్చిన సారం గురించి రాశాడు, ఇక్కడ తేడా తెచ్చింది సర్కారు తవ్విన కాలువ. మరి లాభం ఎవరిది? పట్టా ఎవరి పేరిట ఉంటే వారిది. కాలువ వస్తుందన్న వార్తతోనే భూమి రేటు లేస్తుంది, దాని వెంటే కౌలూ లేస్తుంది. కౌలు రైతుకు నీరు వచ్చింది, మిగులు రాలేదు. ఇది పుస్తకంలో లేదు. ఒక కౌలు రైతు తన లెక్క చెబుతుంటే మా అంతట మేమే పట్టుకున్నాం.

నడిగడ్డలో ఇంకో పంట ఉంది, దాన్ని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సీడ్ పత్తి. దేశమంతా రైతులు కొనే హైబ్రిడ్ పత్తి విత్తనంలో చాలా భాగం గద్వాల చుట్టుపక్కల చేలల్లో తయారవుతుంది. మా అవ్వ, అమ్మ, నేను, అందరం ఆ చేలల్లో క్రాసింగ్ చేసినవాళ్లమే. సాయంత్రం పూట ఆడ వరుసల్లో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, బొటనవేలి గోటితో పైరేకులనూ వాటితోపాటే పుప్పొడి తిత్తులనూ ఒలిచేయాలి. నడుమ సన్నటి కాడ ఒక్కటే మిగలాలి. గోరు లోతుగా దిగితే కాడ తెగుతుంది, మొగ్గ రాలిపోతుంది. పైపైన ఒలిస్తే పుప్పొడి మిగిలిపోయి విత్తనం కల్తీ అవుతుంది. తెల్లారాక మగ వరుసల్లోంచి కోసి తెచ్చిన పువ్వును ఆ కాడకు ఒత్తి రాయాలి. రోజూ ఇదే పని, వారాల తరబడి. సీజన్ ముగిసేసరికి బొటనవేలి గోరు నల్లబడి ఉంటుంది.

ఈ పంట ఇక్కడికే ఎందుకు వచ్చింది? పూత మీద వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది. వాన తక్కువ ఉండి, బోరులోనో కాలువలోనో నీరున్న నేల దీనికి కావాలి. పైగా ఎకరానికి చాలా చేతులు కావాలి. వాన లేకపోవడం, మనుషులకు వేరే పని లేకపోవడం. కరువుకు గుర్తులని మేము అనుకునేవి రెండూ విత్తన వ్యాపారానికి అనుకూలతలయ్యాయి. తులనాత్మక ప్రయోజనం అన్న పాఠానికి ఇంత చేదు ఉదాహరణ నేను ఇంకెక్కడా చూడలేదు.

కంపెనీ నేరుగా రైతు దగ్గరికి రాదు. మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. మూల విత్తనం ఇచ్చేది ఆయనే, పెట్టుబడికి అప్పిచ్చేది ఆయనే, పంట తీసుకునేదీ ఆయనే. విత్తనాన్ని పరీక్షకు పంపుతారు. ఫెయిలైతే రేటు పడిపోతుంది. ఆ పరీక్ష ఎక్కడ జరిగిందో, ఎలా జరిగిందో రైతుకు తెలియదు. ఒప్పందం నకలు చేతిలో ఉన్న రైతును మా ఊళ్లో నేను చూడలేదు. అమ్మేవాళ్లు అనేకమంది, కొనేవాడు ఒక్కడు అయితే ధర ఎటు వంగుతుందో మా రెండో ఏడాది పుస్తకంలో బొమ్మ గీసి చూపించారు. ఆ బొమ్మ ఎవరికైనా అర్థం కాకపోతే మా ఊరికి తీసుకురండి. ఇంకో చిత్రం ఉంది. బీటీ పత్తి విత్తన పాకెట్ రేటు ఇంతకు మించకూడదని 2015 చివర్లో వచ్చిన ఉత్తర్వు కింద ఏటా కేంద్రం నిర్ణయిస్తోంది. కొనే రైతుకు ఆ రక్షణ ఉంది, ఉండాలి కూడా. ఆ విత్తనం పండించే రైతుకు ఇంత తగ్గకూడదన్న రేటు మాత్రం అందులో లేదు. పై కప్పు ఉంది, కింద నేల లేదు.

క్రాసింగ్ రోజుల్లో బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. ఒకప్పుడు ఇంకా ఎక్కువ ఉండేది, పిల్లల ఎత్తుకు మొక్కలు అందుతాయని, కూలి తక్కువని వాళ్లనే పెట్టేవారు. ఇప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు.

వలస గురించి కొత్తగా చెప్పేదేముంది, పాలమూరు కూలీ అంటే దేశానికంతా తెలుసు. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి మనుషులను తీసుకుపోయేవాడు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసింది మా తాతలే. ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో రాసిన వ్యాసం మాకు సిలబస్‌లో ఉంది. పల్లెల్లో మిగులు కూలీలు ఉన్నంతకాలం పట్నంలో కూలి రేటు పెరగదన్నాడు. ఆయనకు 1979లో నోబెల్ ఇచ్చారు. వ్యాసం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అందులో కూలీ తనంతట తాను పల్లె నుంచి పట్నానికి నడిచిపోతాడు. మా దగ్గర అతణ్ణి నడిపించింది అడ్వాన్సు, ఆ అడ్వాన్సుకు వెనక ఒక అప్పు, ఆ అప్పుకు వెనక ఎండిన బోరు. ఇప్పుడు కాలువ కింద వరి నాట్లకు బిహార్ నుంచి మనుషులు దిగుతున్నారు. లూయిస్ చెప్పిన మలుపు, అంటే మిగులు కూలీలు అయిపోయి కూలి పెరిగే రోజు, వచ్చిందేమో అని సార్‌ను అడిగాను. "వచ్చింది, కానీ కాలువ మొదటి ఊళ్లకే వచ్చింది" అన్నారు.

మా మూడు జిల్లాల్లో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ అనే దీవి ఊరుంది. అక్కడ పండిన పంట ఏరు దాటాకే మార్కెట్ ముఖం చూస్తుంది, రవాణా ఖర్చు అన్న పాఠం అక్కడ చెప్పాలి. పెబ్బేరు పశువుల సంత, అమ్రాబాద్ అడవిలో చెంచులు తెచ్చే తేనె, 2019లో నల్లమలలో యురేనియం వద్దని లేచిన గొంతులు, ఒక్కోదానికి ఒక్కో ప్రసంగం పడుతుంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి రాజమహల్‌లో పాలిటెక్నిక్ నడుస్తున్నాయి. శిస్తు వసూలు చేసిన గోడల మధ్య ఇప్పుడు మా ఈడువాళ్లు చదువుకుంటున్నారు. ఈ సంగతి నాకెందుకో భలే నచ్చుతుంది.

చదువులో నిజంగా ఇబ్బంది పెట్టేది అంకెలు. 2016 అక్టోబర్‌లో పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీశారు. జనాభా లెక్కలేమో 2011 నాటివి, పాత జిల్లా పేరుతో ఉన్నాయి. వనపర్తి జిల్లాలో ఎందరు వ్యవసాయ కూలీలో తెలియాలంటే మండలం మండలం వెతికి కూడుకోవాలి. కొత్త మండలమైతే ఊరు ఊరు కూడాలి. ఆ కూడికలు చేసినప్పుడే నాకు ఊళ్ల పేర్లు, అవి ఏ కాలువ మీద ఉన్నాయో నోటికొచ్చాయి.

వచ్చే సెమిస్టర్‌లో ప్రాజెక్టు పని ఉంది. ఆర్డీఎస్ చివరి తూముల కింద ఒకే పల్లి పంటకు కాలువ నీటితో ఎంత ఖర్చవుతుంది, ఎత్తిపోతల నీటితో ఎంత, సొంత బోరుతో ఎంత అన్నది రైతుల కాగితాలు చూసి రాయాలని మా ముగ్గురి బృందం అనుకుంటోంది. సర్కారు భరించే కరెంటునూ లెక్కలోకి తీసుకుంటాం. కాలువ మీద పనిచేసిన పాత లష్కర్లతో కూడా మాట్లాడాలి. నీరు ఏ ఏడు ఏ తూము దాకా వచ్చిందో రిజిస్టర్ల కంటే వాళ్లకే బాగా తెలుసు. అలంపూర్, వడ్డేపల్లి, అయిజ వైపు రైతులెవరైనా ఇది వింటుంటే ఒక మనవి. మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు, బోరు వేయించిన రసీదులు, మోటారు రిపేరు చిట్టీలు పొయ్యిలో వేయకుండా ఒక సంచిలో ఉంచండి. పంట నూర్పిడి అయ్యాక వస్తాం, మీకు తీరిక ఉన్నప్పుడే కూర్చుని రాసుకుంటాం.